పాతిక శాతం పుకారు

విడాకుల నోటీసు వచ్చిన వారంలోగా బంధువుల్లో ఎవరో ఒకరు లెక్క తేల్చేస్తారు. అబ్బాయి బాబాయి అయితే "జీతంలో పాతిక శాతం రా, అంతకు మించి రూపాయి ఇవ్వక్కర్లేదు" అంటాడు. అమ్మాయి మేనమామ అయితే "మూడో వంతు మన హక్కు" అంటాడు. ఇద్దరికీ బాగా తెలిసిన లాయరే చెప్పాడట. చట్టంలో మాత్రం ఈ రెండు అంకెలూ లేవు. హిందూ వివాహ చట్టంలో భరణం సంగతి చెప్పే 24, 25 సెక్షన్లను ఎన్నిసార్లు తిరగేసినా "ఇంత శాతం" అన్న మాట తగలదు.

పాతిక ఎక్కడ పుట్టిందో మాత్రం చెప్పొచ్చు. 1970లో ఒక కేసులో సుప్రీంకోర్టు భర్త ఆదాయంలో నాలుగో వంతు లెక్కను సమర్థించింది. 2017లో పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చిన మరో కేసులో ఆ పాత తీర్పును గుర్తు చేసుకుని, భర్త నికర జీతంలో పాతిక శాతం న్యాయంగానే ఉంటుందని రాసింది. అప్పటి నుంచి దేశంలో ప్రతి ఫ్యామిలీ కోర్టు వరండాలోనూ ఆ వాక్యం తిరుగుతోంది. అదే తీర్పును ఇంకో పేజీ చదివితే కథ కొంచెం మారుతుంది. ఆ భర్త నికర జీతం నెలకు సుమారు 95,500. హైకోర్టు ఇమ్మన్నది 23,000. అతను మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, ఆ పెళ్లిలో బిడ్డ ఉంది కాబట్టి సుప్రీంకోర్టు దాన్ని 20,000కు తగ్గించింది. అంటే ఇరవై ఒక్క శాతం. పాతిక శాతం తీర్పుగా పేరు పడ్డ తీర్పులోనే పాతిక శాతం రాలేదు.

శాతం రాసి ఉన్న చట్టమే కావాలంటే టెక్సస్ వెళ్లాలి. అక్కడ కోర్టు ఆదేశించే నెలసరి భరణం స్థూల ఆదాయంలో 20 శాతం, లేదా 5,000 డాలర్లు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దాన్ని మించకూడదు. మన దగ్గర కూడా ఒకప్పుడు అలాంటి కట్టుబాట్లు ఉండేవి. క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టం, కేసు నడిచే కాలంలో ఇచ్చే భరణం భర్త సగటు ఆదాయంలో ఐదో వంతు దాటకూడదని చెప్పింది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ ఏకంగా నెలకు 500 రూపాయలని గీత గీసింది. కొన్ని రాష్ట్రాలు తమ వరకు పెంచుకున్నా, కేంద్ర చట్టంలో ఆ ఐదు వందలు 2001 దాకా చెక్కుచెదరలేదు. ఆ ఏడాదే ఈ రెండు పరిమితులూ పోయాయి. అప్పటి నుంచి అంకె జడ్జి చేతిలో ఉంది.

జడ్జి చేతిలో ఉందంటే తోచినంత రాసేస్తారని కాదు. ఆ అంకె ఎలా తయారవుతుందో చూడాలంటే ముందు కేసు ఏ తలుపు గుండా లోపలికి వచ్చిందో చూడాలి. విడాకుల ఓపీ (అసలు పిటిషన్) నడుస్తుండగా అందులోనే ఐఏ (మధ్యలో వేసే దరఖాస్తు) వేసి మధ్యంతర భరణం అడగొచ్చు. ఇది హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్. విడాకుల డిక్రీ ఇచ్చేటప్పుడు గానీ ఆ తర్వాత ఎప్పుడైనా గానీ శాశ్వత భరణం అడగొచ్చు. అది 25. విడాకులతో సంబంధం లేకుండా "ఎంసీ" వేయొచ్చు. అంటే పాత 125వ సెక్షనే, 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144గా నంబరు మార్చుకుంది. 2005 నాటి గృహ హింస చట్టం కింద "డీవీసీ" వేసి కూడా నెలసరి సొమ్ము అడగొచ్చు. ఒకే ఇంటి గొడవ మీద ఈ మూడూ మూడు కోర్టుల్లో నడవడం మామూలే. అయితే మూడు చోట్లా మూడుసార్లు పూర్తి మొత్తం రాదు. ఒక కోర్టు ఇచ్చినదాన్ని రెండో కోర్టుకు చెప్పి తీరాలి, రెండో కోర్టు దాన్ని లెక్కలోకి తీసుకుని మిగతాది చూడాలి.

ముస్లిం మహిళల విషయం చాలాకాలం ఇంత సూటిగా లేదు. ఇందోర్‌కు చెందిన షాబానో నెలకు 500 అడిగితే మేజిస్ట్రేటు 25 రూపాయలు ఇచ్చాడు. మధ్యప్రదేశ్ హైకోర్టు దాన్ని 179 రూపాయల 20 పైసలకు పెంచింది. ఆ ఇరవై పైసల కచ్చితత్వం ఏ లెక్కలో తేలిందో గానీ, 1985లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును నిలబెట్టాక దేశమంతా దాని మీదే మాట్లాడింది. 1986లో పార్లమెంటు వేరే చట్టం చేసింది. 2001లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేయకుండానే, ఇద్దత్ (విడాకుల తర్వాత ఆగాల్సిన కాలం) గడువులోపు ఇవ్వాల్సింది ఆ గడువు తర్వాతి బతుకుకు కూడా సరిపోయేలా ఉండాలని అర్థం చెప్పింది. ఇక 125 కూడా వర్తిస్తుందా లేదా అన్న పాత ప్రశ్నను మళ్లీ పైకి తీసుకెళ్లింది తెలంగాణ కేసే. ఫ్యామిలీ కోర్టు నెలకు 20,000 మధ్యంతర భరణం ఇమ్మంది. తెలంగాణ హైకోర్టు 10,000కు తగ్గించింది. భర్త అదీ ఇవ్వనని సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 2024 జులై 10న జస్టిస్ బి.వి. నాగరత్న, జస్టిస్ అగస్టీన్ జార్జ్ మసీహ్ అతని అప్పీలు కొట్టేస్తూ, ఆ సెక్షన్ ముస్లిం మహిళలకూ వర్తిస్తుందని చెప్పారు.

తలుపు ఏదైనా లోపల జరిగే పని ఒకటే: ఆదాయం కనిపెట్టడం. ఇక్కడే అసలు యుద్ధం.

పెళ్లి చూపుల్లో అబ్బాయి జీతం చెప్పే పద్ధతి అందరికీ తెలిసిందే. ప్యాకేజీ, దాని మీద బోనసు, కంపెనీ షేర్లు, వచ్చే ఏడాది ఆన్‌సైట్, ఊళ్లో తాతగారి మాగాణి. అదే అబ్బాయి ఫ్యామిలీ కోర్టులో కౌంటరు వేసేసరికి తాతగారి మాగాణి బీడు పడి ఉంటుంది, బోనసు కంపెనీ దయ, జీతంలో ఈఎంఐలు పోగా మిగిలేది పెట్రోలుకు చాలదు. అమ్మాయి వైపూ తక్కువేం కాదు. మ్యాట్రిమోనీ ప్రొఫైల్లో "ఎంఎన్‌సీలో సీనియర్ అనలిస్ట్" అని ఉన్న మనిషి పిటిషన్లో "ఏ ఆధారమూ లేని గృహిణి" అవుతుంది. ఆ ప్రొఫైళ్లను అవతలి లాయరు ప్రింటు తీసి జడ్జి ముందు పెట్టడం ఇప్పుడు కొత్తేమీ కాదు.

ఈ దాగుడుమూతలతో విసిగిపోయే సుప్రీంకోర్టు 2020 నవంబరు 4న రజ్నేష్ వర్సెస్ నేహా తీర్పు ఇచ్చింది. ఆ కేసులో భార్య మధ్యంతర భరణం కోసం వేసిన దరఖాస్తు 2013 నాటిది. మధ్యంతరానికే ఏడేళ్లు. జస్టిస్ ఇందూ మల్హోత్రా, జస్టిస్ ఆర్. సుభాష్‌రెడ్డి బెంచ్ అప్పుడు పెట్టిన నియమాలే ఈ రోజు ప్రతి ఫ్యామిలీ కోర్టులోనూ నడుస్తున్నాయి. ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలి. భర్త ఒక్కడే కాదు, భార్య కూడా. జీతం స్లిప్పులు, ఆదాయపు పన్ను రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇళ్లు, పొలాలు, బండ్లు, బంగారం, ఇన్సూరెన్సు, షేర్లు, పిల్లల ఫీజులు, తనమీద ఆధారపడ్డ తల్లిదండ్రులు, వాళ్ల పింఛను, అన్నీ అందులోకి ఎక్కాలి. అవతలివాళ్లకు నాలుగు వారాల గడువు. అఫిడవిట్లు వచ్చాక మధ్యంతర దరఖాస్తు నాలుగు నుంచి ఆరు నెలల్లో తేల్చాలి. ఇంకొక మాట చాలామంది జేబులకు తగిలింది: భరణం ఉత్తర్వు వచ్చిన రోజు నుంచి కాదు, దరఖాస్తు పెట్టిన రోజు నుంచి లెక్క. వాయిదాలు అడుగుతూ మూడేళ్లు లాగితే, మూడేళ్ల బకాయి ఒకేసారి మీద పడుతుంది.

జీతగాళ్ల ఆదాయం దాచడం కష్టం. వ్యాపారస్తుల సంగతి వేరు. రిటర్నులో ఏడాదికి ఐదు లక్షలు చూపించి, బయట ముప్ఫై లక్షల కారులో తిరిగేవాళ్లు ఉంటారు. ఆదాయపు పన్ను శాఖ ఒప్పుకున్న అంకెను ఫ్యామిలీ కోర్టు కూడా ఒప్పుకోవాలని ఎక్కడా లేదు. బ్యాంకు ఖాతాలో తిరిగిన డబ్బు, క్రెడిట్ కార్డు బిల్లు, పిల్ల చదివే స్కూలు, గత వేసవిలో వెళ్లిన ఊరు చూసి జడ్జి ఒక అంచనాకు వస్తారు. కాగితాలు దాచినవాడికి వ్యతిరేకంగా ఊహించుకునే హక్కు కోర్టుకు ఉంది. అఫిడవిట్‌లో కావాలని అబద్ధం రాస్తే అది మళ్లీ వేరే కేసు.

ఆదాయం తేలాక భాగహారం. ఇది కల్పించిన ఉదాహరణే అయినా లెక్క అర్థమవడానికి పనికొస్తుంది. హైదరాబాద్‌లో ఒకాయనకు నెలకు లక్షన్నర. ఆదాయపు పన్ను, తప్పనిసరి పీఎఫ్ పోగా 1,25,000. ఆయన చెప్పే లెక్కలో ఇంటి లోను కిస్తీ 45,000, కారు లోను 14,000, ఇష్టపడి కట్టే పీఎఫ్ 10,000 తీసేశాక చేతికి వచ్చేది 56,000. కోర్టు ఆదాయపు పన్ను, తప్పనిసరి పీఎఫ్ తగ్గింపులను ఒప్పుకుంటుంది, ఎందుకంటే అవి చట్టం కోసినవి. తక్కినవి ఆయన తన పేరు మీద ఆస్తి కూడబెట్టుకోవడానికి కట్టుకునేవి. కాబట్టి లెక్క 1,25,000 మీదే మొదలవుతుంది. భార్యాబిడ్డలు ఆ ఇంట్లోనే ఉంటే మాత్రం ఇంటి కిస్తీకి కొంత విలువ ఇస్తారు.

2004లో ఢిల్లీ హైకోర్టు ఒక పద్ధతి చెప్పింది. కుటుంబం ఆదాయాన్ని ఒక కేకు అనుకుని, సంపాదించేవాడికి రెండు ముక్కలు, తక్కినవాళ్లకు తలా ఒక ముక్క కోయమంది. సంపాదనకు అయ్యే అదనపు ఖర్చు కోసం ఆ రెండో ముక్క. పై ఉదాహరణలో భార్య, ఒక బిడ్డ ఉంటే మొత్తం నాలుగు ముక్కలు, ముక్క 31,250. భార్యకు ఒకటి, బిడ్డకు ఒకటి. సంపాదన లేని తల్లి కూడా ఆయన మీదే ఆధారపడి ఉంటే అయిదు ముక్కలవుతాయి, ఒక్కోటి 25,000కు తగ్గుతుంది. పాతిక శాతం బాబాయి గమనించాల్సింది ఒకటుంది: ఇక్కడ భార్య ముక్క మొదటి లెక్కలో కచ్చితంగా పాతిక శాతమే, రెండో లెక్కలో ఇరవై. కానీ బిడ్డ వాటా దానికి అదనం. పాతిక శాతం కబుర్లలో బిడ్డ ఎప్పుడూ మాయమైపోతుంది. ఈ పద్ధతిని కూడా అన్ని కోర్టులూ పాటించాలని లేదు. ఇదే కాగితాల మీద ఇంకో జడ్జి మరో అంకె రాస్తే, అది ఈ కారణానికే తప్పయిపోదు.

ఇక్కడ భార్య చదువు ప్రశ్న వస్తుంది. "బీటెక్ చదివింది, ఉద్యోగం చేసుకోవచ్చుగా" అనేది భర్తల తరఫు లాయర్లందరి దగ్గరా ఉండే వాదన. సుప్రీంకోర్టు 2007లో, తనను తాను పోషించుకోలేకపోవడం అంటే రోడ్డున పడ్డాకే అడగాలని కాదంది. 2017లో, సంపాదించగల శక్తి వేరు, నిజంగా సంపాదించడం వేరు అని తేల్చింది. మరోవైపు 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు, మంచి చదువు, విదేశంలో ఉద్యోగ అనుభవం ఉండి కూడా ఖాళీగా కూర్చున్న భార్యకు మధ్యంతర భరణం నిరాకరించిన ఉత్తర్వును సమర్థించింది. ఈ రెండూ కొట్టుకుంటున్నట్టు కనిపిస్తాయి గానీ నిజానికి అంతగా కొట్టుకోవు. పిల్లాడి కోసం ఉద్యోగం మానేసి ఎనిమిదేళ్లు ఇంట్లో ఉన్న మనిషిని, నిరుడు దాకా జీతం తీసుకుని కేసు వేసే ముందు నెలలో రాజీనామా చేసిన మనిషిని కోర్టు ఒకేలా చూడదు, చూడకూడదు కూడా. ఉద్యోగం చేస్తున్న భార్యకు అసలే రాదన్నదీ తప్పే. భర్త ఇంట్లో బతికిన స్థాయికి ఆమె జీతం చాలకపోతే తేడా పూడ్చమంటారు, అంతే.

ఈ నియమం అబ్బాయికీ వర్తిస్తుంది. కేసు పడగానే ఉద్యోగం పోయిందనే భర్తలకు 2022లో సుప్రీంకోర్టు సూటిగా చెప్పింది: కాయకష్టం చేసైనా పోషించాల్సిందే. హిందూ వివాహ చట్టం కింద భర్త కూడా భార్య నుంచి భరణం అడగొచ్చు, చట్టం మగ, ఆడ తేడా చూడలేదు. కాళ్లూ చేతులూ బాగున్న భర్త అడిగితే మాత్రం ముందు ఆయన ఎందుకు సంపాదించడం లేదో చెప్పుకోవాలి. అది చెప్పుకోగలిగినవాళ్లు తక్కువ.

తప్పెవరిదన్న ప్రశ్న మీద జనానికి చాలా ఆశలుంటాయి. తనను అంత బాధపెట్టినందుకు కోర్టు పెద్ద మొత్తం వేస్తుందని ఆమె, ఇల్లు వదిలి వెళ్లిపోయింది కాబట్టి పైసా రాదని అతను. 25వ సెక్షన్‌లో "ఇద్దరి ప్రవర్తన" అన్న మాట ఉంది, నిజమే. కానీ ఆదాయాలు, ఆస్తుల తర్వాత, ఒక అంశంగా ఉంది. 144లో నిషేధాలు గట్టివే: వేరే సంబంధంలో కాపురం చేస్తున్న భార్యకు, తగిన కారణం లేకుండా భర్తతో ఉండనన్న భార్యకు, ఇష్టపూర్వకంగా ఇద్దరూ విడిగా ఉంటుంటే, భరణం రాదు. అయితే "తగిన కారణం" దగ్గరే సగం కేసులు తేలతాయి. జార్ఖండ్ నుంచి వచ్చిన ఒక కేసులో కాపురానికి రమ్మని భర్త డిక్రీ తెచ్చుకున్నాడు, భార్య వెళ్లలేదు. డిక్రీ పాటించలేదు కాబట్టి భరణం రాదని హైకోర్టు అంది. 2025 జనవరి 10న సుప్రీంకోర్టులో జస్టిస్ సంజీవ్ ఖన్నా, జస్టిస్ సంజయ్ కుమార్ అది ఒప్పుకోలేదు. ఆ ఇంట్లో ఆమెను మరుగుదొడ్డి కూడా వాడుకోనివ్వని సంగతి రికార్డుల్లోనే ఉంది. నెలకు 10,000 ఉత్తర్వు తిరిగి నిలబడింది. నా వరకు ఇది సరైన దారే. తప్పుల తూకం భరణంలోకి తెస్తే ప్రతి ఎంసీ మరో విడాకుల కేసవుతుంది, అంతదాకా బియ్యం కొనేదెవరు?

డిక్రీ నాటికి నెలసరి కావాలా, ఒకేసారి తీసుకోవాలా అన్నది తేల్చుకోవాలి. పన్ను కోణంలో ఇది చిన్న విషయం కాదు. ఒకేసారి వచ్చే మొత్తాన్ని సాధారణంగా మూలధన రాబడిగా చూస్తారు, పన్ను పడదు. నెలనెలా వచ్చేది ఆదాయం కిందికి వస్తుంది. ఇచ్చేవాడికి ఎటు ఇచ్చినా మినహాయింపు లేదు. ఒకేసారి ఇస్తే బంధం తెగుతుంది, ఎప్పుడో ఉద్యోగం పోయిందనే గొడవ ఉండదు. నెలసరి అయితే పరిస్థితులు మారినప్పుడు పెంచమనో తగ్గించమనో మళ్లీ కోర్టుకు రావచ్చు. తీసుకునేవారు మళ్లీ పెళ్లి చేసుకుంటే ఇచ్చేవారు రద్దు కోరవచ్చు. ధరలు పెరిగినప్పుడల్లా కోర్టు మెట్లెక్కకుండా 2025 మేలో సుప్రీంకోర్టు ఒక కేసులో నెలకు 50,000, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు అని ఉత్తర్వులోనే రాసేసింది. ఇది మరిన్ని ఉత్తర్వుల్లో కనిపిస్తే బాగుండు.

పరస్పర అంగీకార విడాకుల్లో మాత్రం జడ్జి లెక్క కన్నా పెద్దమనుషుల లెక్కే నడుస్తుంది. మొత్తం కుదిరాక కొంత మొదటి మోషన్‌లో డీడీ, మిగతాది రెండో మోషన్ నాడు డీడీ, మధ్యలో అటువైపు కేసులు ఇటువైపు కేసులు వెనక్కి. ఇక్కడ తరచూ జరిగే కలగాపులగం ఒకటుంది: అమ్మాయికి పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం, పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలం భరణంలో చూపించి మొత్తం పెద్దదిగా కనిపించేలా చేస్తారు. అది ఆమె సొత్తు. తిరిగి ఇచ్చినంత మాత్రాన ఎవరూ భరణం ఇచ్చినట్టు కాదు. తల్లి "ఇక ఏమీ అడగను" అని రాసిచ్చినా బిడ్డ హక్కు అందులో పోదు.

పత్రికల్లో కోట్ల అంకెలు చూసి ఆశపడేవాళ్లకు, భయపడేవాళ్లకు 2024 డిసెంబరు రెండు సుప్రీంకోర్టు తీర్పులు ఇచ్చింది. ఒక బ్యాంకర్ కేసులో భార్యకు 5 కోట్లు, కొడుక్కి కోటి. పది రోజులు తిరక్కుండా మరో కేసు: అమెరికా పౌరుడైన ఐటీ వ్యాపారి, ఇద్దరికీ రెండో పెళ్లి, కాపురం కొద్ది నెలలే. మొదటి భార్యకు 500 కోట్లు ఇచ్చాడు కాబట్టి తనకూ ఆ స్థాయిలో కావాలని ఆమె వాదన. కోర్టు 12 కోట్లు ఇచ్చి, భరణం సంపదను సమానం చేయడానికి కాదంది. విడిపోయాక అతను దివాలా తీస్తే ఆ పేదరికంలో కూడా సమాన వాటా అడుగుతారా అని అడిగింది. కాలిఫోర్నియా, టెక్సస్ లాంటి చోట్ల కాపురంలో సంపాదించినది ఇద్దరిదీ అని పంచుతారు. మన చట్టంలో అలాంటి పంపకం లేదు, భరణం ఒక్కటే. అమెరికాలో ఉన్న తెలుగు జంటలు ఎక్కడ కేసు వేయాలా అని ఇద్దరూ ఇద్దరు లాయర్లను ఎందుకు అడుగుతారో ఇక్కడ తెలుస్తుంది. అక్కడ డిక్రీ తెచ్చుకుంటే ఇక్కడ చెల్లిపోతుందనుకోవడమూ పొరపాటే. 1975లో తిరుపతిలో పెళ్లయిన జంట విషయంలో భర్త మిస్సోరి కోర్టులో తెచ్చుకున్న విడాకులను 1991లో సుప్రీంకోర్టు గుర్తించలేదు.

అంకె తేలడం ఒక ఎత్తు, అది చేతికి రావడం మరో ఎత్తు. ఉద్యోగి అయితే జీతం జప్తు చేయించవచ్చు. మామూలు అప్పు డిక్రీకి జీతంలో ఎక్కువ భాగం ముట్టుకోనివ్వని సివిల్ ప్రొసీజర్ కోడ్, భరణం డిక్రీ అనేసరికి మూడో వంతు మాత్రమే కాపాడి మిగతా రెండు వంతులూ తీసుకోనిస్తుంది. శాశ్వత భరణాన్ని ఇవ్వాల్సినవారి స్థిరాస్తి మీద ఛార్జిగా పెట్టమని ముందే అడగొచ్చు, చాలామంది అడగరు. ఎంసీలో కట్టకపోతే వారంటు, ఎగ్గొట్టిన ఒక్కో నెలకు నెల దాకా జైలు. జైలుకు వెళ్లొచ్చినంత మాత్రాన బాకీ తీరదని 1988లోనే సుప్రీంకోర్టు చెప్పినా, శిక్ష అనుభవించాను కదా అనేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. భార్యలు పోగొట్టుకునేది మరో చోట: ఎంసీ బకాయి మీద వారంటు కోసం, అది ఇవ్వాల్సిన రోజు నుంచి ఏడాదిలోగా దరఖాస్తు పెట్టాలి. సివిల్ డిక్రీ అమలుకు పన్నెండేళ్ల గడువు ఉంటుంది. ఆ సంగతి విని ఎంసీకి కూడా అదే అనుకుని ఊరుకున్నవాళ్లకు, మొదటి ఏడాది నెలలు ఒక్కోటిగా గడువు దాటిపోతాయి.